వ్యాకరణం అయ్యాక చదువుదాం అనే అబద్ధం

పోయిన ఆదివారం మా గుళ్లో తెలుగు క్లాసు అయ్యాక వంటగదిలో పులిహోర పొట్లాలు కడుతూ మాట్లాడుకుంటున్నాం. పెద్ద పిల్లల చేత ఈ ఏడాది నాలుగు వేమన పద్యాలు చదివిద్దామని నేనన్నాను. ఒక పెద్దాయన వెంటనే తల అడ్డంగా ఊపారు. "ఇప్పుడే వద్దండి. ముందు ఒత్తులు సరిగ్గా రానివ్వండి. విభక్తులు కూడా కాలేదు. పిల్లలు ఇంకా సిద్ధంగా లేరు."

ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట మీద ఉంది. ఎందుకంటే అదే మాట నేను మూడేళ్ల పాటు ఇంకో చోట, ఇంకో భాష గురించి విన్నాను. ఆ భాష ప్రాచీన గ్రీకు. తెలుగు నేర్చుకునేవాళ్ల దగ్గర గ్రీకు గోల ఏమిటని అడగకండి. మన ఇంటి గోడలో పగులు రోజూ చూసి అలవాటైపోతుంది. పక్కింటి గోడలో పగులైతే వెంటనే కనిపిస్తుంది. అందుకే ముందు పక్కింటికి వెళ్దాం.

రిటైర్ అయ్యాక ఇక్కడ ఇంగ్లండులో మా ఊళ్లోనే ఒక సాయంత్రం క్లాసులో చేరాను. వారానికి ఒక రోజు, రెండు గంటలు. తొమ్మిది మందిమి చేరాం. టీచరు మంచి మనిషి, ఓపిక ఉన్న మనిషి. టెక్స్ట్‌బుక్‌లో 30 పాఠాలు. అందులో ఒక రైతు ఉంటాడు, ఒక ఎద్దు ఉంటుంది, ఒక బద్ధకపు పనివాడు ఉంటాడు. మొదటి ఏడాది ఆ రైతు పొలం దున్నాడు. రెండో ఏడాది కూడా దాదాపు దున్నుతూనే ఉన్నాడు. హోమర్ ఎప్పుడు చదువుతాం అని ఎవరైనా అడిగితే జవాబు ఒకటే: ఇంకా సిద్ధం కాలేదు, ముందు గ్రామర్ పూర్తి కావాలి. మూడో ఏడాది చివరికి ముగ్గురం మిగిలాం. వెళ్లిపోయిన ఆరుగురూ తెలివితక్కువ వాళ్లు కాదు. వాళ్లు హోమర్ కోసం వచ్చారు. వాళ్లకి ఎద్దును చూపించారు.

మిగిలిన ముగ్గురిలో ఒకాయన రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి చిన్నప్పుడు ఎవరో ఒడిస్సీ కథ చెప్పారట. అందులో ముసలి కుక్క కథని గ్రీకులో చదవాలి, అదొక్కటే ఆయన కోరిక. మూడో ఏడాదిలో ఆయన కళ్ల మధ్యభాగంలో చూపు తగ్గడం మొదలైంది. 24వ పాఠం దగ్గర అచ్చు అక్షరాలు కనిపించడం మానేశాయి. పుస్తకంలో ఇంకా ఆరు పాఠాలున్నాయి.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఆరు పాఠాలే.

వ్యాకరణం పూర్తయ్యాక సాహిత్యం అనేవాళ్ల వాదం వినడానికి బాగుంటుంది. ఇల్లు కట్టాలంటే ముందు పునాది వెయ్యాలి కదా అంటారు. కానీ భాష ఇల్లు కాదు. ఏ పిల్లా తన తల్లి భాషకి పునాది వేసుకుని తర్వాత మాట్లాడలేదు. సరే, పెద్దవాళ్ల చదువు వేరు అంటారు. అయితే లెక్కలే చూద్దాం.

గ్రీకు కొత్త నిబంధన మొత్తం సుమారు 1,38,000 మాటలు. అందులో వేర్వేరు మాటలు 5,400 దాకా ఉంటాయి. వాటిలో ఎక్కువసార్లు వచ్చే 300 మాటలు తెలిస్తే పుస్తకంలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మాటలు తెలిసినట్టే. ఇంకో వైపు చూడండి. ఆ 5,400లో మూడో వంతుకు పైగా మాటలు పుస్తకం మొత్తం మీద ఒక్కసారే వస్తాయి. దీని అర్థం ఏమిటి? ఆ 300 మాటలు మీరు చదువుతూ ఉంటే వాటంతటవే వస్తాయి, మళ్లీ మళ్లీ ఎదురవుతాయి కాబట్టి. ఒక్కసారే వచ్చే మాటల్ని ముందుగా బట్టీ పట్టడం దండగ, పేజీ కింద అర్థం ఇస్తే చాలు. ఇక ఏ మాటల కోసం మనం మూడేళ్లు ఆగాలి?

గ్రామర్ సంగతి కూడా ఇంతే. గ్రీకు టెక్స్ట్‌బుక్కుల్లో చాలావాటిలో క్రియలకి నమూనా ‘లూఓ’. విప్పుతాను, విడిచిపెడతాను అని అర్థం. నేను ఆ పట్టికని మూడేళ్లు వల్లించాను. గిన్నెలు తోముతూ వల్లించాను, గుడి మెట్లు ఊడుస్తూ వల్లించాను. గ్రీకులో ‘చేశాడు’ లాంటి రూపంతో పాటు ‘చేసుకున్నాడు’ లాంటి రూపం ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో దాన్ని మిడిల్ వాయిస్ అంటారు. పుస్తకంలో దాని గురించి ఒక పేజీ వివరణ ఉంది. నేను నాలుగుసార్లు చదివాను. ఎక్కలేదు.

తర్వాత ఒక రోజు ఎవరి అనుమతీ అడగకుండా ఇలియడ్ మొదటి పేజీ తెరిచాను. ఒక ముసలి పూజారి గ్రీకుల ఓడల దగ్గరికి వస్తాడు. ఆయన కూతురు వాళ్ల చేతిలో బందీ. విలువైన కానుకలు తెచ్చాడు. 13వ పంక్తిలో కవి ‘లూసొమెనోస్’ అంటాడు: కూతుర్ని విడిపించుకోవడానికి వచ్చాడు. 20వ పంక్తిలో పూజారి వాళ్లని బతిమాలుతూ ‘లూసైతె’ అంటాడు: విడిచిపెట్టండి. 29వ పంక్తిలో రాజు అగమెమ్నాన్ ‘లూసో’ అంటాడు, ముందు కాదనే మాట పెట్టి: నేను విడిచిపెట్టను. ఒకే క్రియ, మూడు రూపాలు, 30 పంక్తుల్లోపే. తండ్రి విడిపించుకోవాలి, సైన్యం విడిచిపెట్టాలి, రాజు విడిచిపెట్టడు. ఆ ఒక్క ‘విడిచిపెట్టను’ వల్లే తెగులు వస్తుంది, గొడవ వస్తుంది, మిగతా కావ్యం వస్తుంది.

మిడిల్ వాయిస్ నాకు ఆ రోజు తెలిసింది. అది కూడా తెలుగు వల్ల. విడిపించడం, విడిపించుకోవడం. మనకి ఈ తేడా వంటింట్లోనే ఉంది: వండింది, వండుకుంది. ఇంగ్లీషులో ఆలోచిస్తూ మూడేళ్లు తిప్పలు పడ్డాను. ఇంగ్లీషు మీడియం చదువు చదివినందుకు కట్టిన జరిమానా అనుకుంటాను.

ఇలాంటిదే ఇంకొకటి. గ్రీకు కథ చెప్పేటప్పుడు పనుల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చి చివర ఒక్క అసలు క్రియ పెడుతుంది. వచ్చి, చూసి, నవ్వి, అన్నాడు. ఇంగ్లీషువాళ్లు దీన్ని పార్టిసిపుల్ అని పిలిచి భయపడతారు. మా క్లాసులో దానికి ఒక టర్ము మొత్తం పట్టింది. తెలుగు పిల్ల ఎవరైనా నిద్రలో లేపినా చేసే పని ఇది. పట్టికలో అది ఒక భయంకరమైన చెట్టులా కనిపిస్తుంది. కథలో అయితే మన అమ్మమ్మ మాటలా వినిపిస్తుంది. పట్టిక చూస్తూ కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు రెండో అబద్ధం. హోమర్ గ్రీకు వేరు, ఏథెన్సు గ్రీకు వేరు, కాబట్టి హోమర్ చివర్లో అంటారు. యాసలు వేరన్నది నిజమే. కానీ ‘కాబట్టి’ అన్నది నిజం కాదు. 1920లోనే క్లైడ్ ఫార్ అనే అమెరికన్ పండితుడు హోమర్‌తోనే మొదలుపెట్టే టెక్స్ట్‌బుక్ రాశాడు. కొన్ని పాఠాలు అవగానే విద్యార్థి ఇలియడ్ మొదటి సర్గ చదవడం మొదలుపెడతాడు. ఆ సర్గ 611 పంక్తులు. రోజుకి పది పంక్తులు చదివినా రెండు నెలల్లో అయిపోతుంది. హోమర్ వాక్యాలు చిన్నవి. కొన్ని మాటలు, కొన్ని పంక్తులు మళ్లీ మళ్లీ వస్తాయి, నోటితో పాడే కవిత్వం కాబట్టి. గుళ్లో సహస్రనామం చదివే మనకి మళ్లీ మళ్లీ రావడం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మాలో ఎంతమంది ముందు సంస్కృత వ్యాకరణం పూర్తిచేసి తర్వాత సహస్రనామం మొదలుపెట్టారు? ఒక్కరూ లేరు.

మూడో అబద్ధం అన్నిటికన్నా చెడ్డది. పక్కన అనువాదం పెట్టుకుని చదవడం మోసం అంటారు. జేమ్స్ లోబ్ అనే ఆయన 1911లో ఒక గ్రంథమాల మొదలుపెట్టాడు. ఎడమ పేజీలో గ్రీకు, కుడి పేజీలో ఇంగ్లీషు. గ్రీకు పుస్తకాలకి ఆకుపచ్చ అట్ట, లాటిన్ పుస్తకాలకి ఎర్ర అట్ట. మొదటి సంపాదకుల్లో ఒకరైన డబ్ల్యూ.హెచ్.డి. రౌస్ కలకత్తాలో పుట్టినవాడు, తన బడిలో గ్రీకుని గ్రీకులోనే మాట్లాడుతూ నేర్పిన హెడ్‌మాస్టరు. అంత పట్టుదల ఉన్నవాడే ఈ రెండు పేజీల పుస్తకాలకి పనిచేశాడు. వర్జీనియా వూల్ఫ్ 1917లో ఈ గ్రంథమాలని మనసారా మెచ్చుకుంటూ రాసింది. అన్నదమ్ముల్లాగా కాలేజీకి వెళ్లే వరుస ఆమెకి లేదు. ఇంట్లో టీచరు దగ్గర గ్రీకు నేర్చుకుంది. ఆమెకి తెలుసు, తలుపు ఎవరి కోసం మూసి ఉంటుందో.

మన సంప్రదాయం చూడండి. పద్యం, దాని కింద ప్రతిపదార్థం, దాని కింద తాత్పర్యం. తరతరాలుగా మనవాళ్లు ఇలాగే చదివారు. దాన్ని ఎవరూ మోసం అనలేదు. నిఘంటువు చూసి ఒక్కో మాటా వెతుక్కుంటే చదువు, పక్క పేజీ చూస్తే దొంగతనం అట. ఆ నిఘంటువు మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? 1843లో అచ్చయిన లిడెల్, స్కాట్ గ్రీకు నిఘంటువు తెరవండి. ప్రతి మాట కింద ఈ అర్థం ఫలానా కవిలో, ఆ అర్థం ఫలానా చరిత్రకారుడిలో అని ఉంటుంది. ఎవరో ముందు చదివారు, తర్వాత నిఘంటువు పుట్టింది.

ఇక నా వైపు తప్పు కూడా చెప్తాను. మొదటి ఏడాది అవగానే ఆవేశంలో పాత పుస్తకాల షాపులో థుసిడిడీస్ కొన్నాను. అందులో ఉపన్యాసాలు గ్రీకు బాగా వచ్చినవాళ్లకే కష్టం. గంటకి రెండు పంక్తులు. వారంలో మూసేశాను. నేను పనికిరానని ఆర్నెల్లు నమ్మాను. కాబట్టి గ్రామర్ అక్కర్లేదని నేను అనడం లేదు. ఏ పుస్తకమైనా తెరిచి దూకెయ్యమనీ అనడం లేదు. అక్షరాలు రావాలి, నామవాచకాలకి విభక్తులు గుర్తుపట్టగలగాలి, క్రియలో ముఖ్యమైన కాలాలు, ఆ ‘వచ్చి, చూసి’ రూపాలు చూస్తే తెలియాలి. గుర్తుపట్టడం చాలు. మనం రాయక్కర్లేదు, పట్టిక అప్పజెప్పక్కర్లేదు. దీనికి ఆరు నెలలో, మహా అయితే ఏడాదో పడుతుంది. తర్వాత పాఠం, పఠనం పక్కపక్కనే నడవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి.

నేను మార్కు సువార్తతో మొదలుపెట్టాను. గుళ్లో సేవ చేస్తూ బైబిల్ చదువుతున్నారా అని ఒకావిడ అడిగింది. అవునమ్మా, గ్రీకులో ఇంత తేలిగ్గా నడిచే కథ ఇంకొకటి దొరికితే అదే చదువుతాను అన్నాను. 16 అధ్యాయాలు. మొదటి అధ్యాయం 45 వచనాలు. ప్రతి వచనం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఇంగ్లీషు పక్కన పెట్టుకుని, రెండోసారి నోట్సు మాత్రం పెట్టుకుని, మూడోసారి ఏమీ లేకుండా గట్టిగా బయటికి. మూడోసారి చదివేటప్పుడు వచ్చే ఆనందం 30 పాఠాల్లో ఎక్కడా లేదు.

అక్కడే ‘సిందోన్’ అనే మాట తగిలింది. నార బట్ట, సన్నని బట్ట. యేసుని పట్టుకున్న రాత్రి ఒక కుర్రాడు ఒంటి మీద సిందోన్ ఒక్కటే వేసుకుని ఉంటాడు. వచ్చినవాళ్లు పట్టుకుంటే బట్ట వాళ్ల చేతుల్లో వదిలేసి పారిపోతాడు. తర్వాత యేసు దేహాన్ని చుట్టడానికి కొన్నదీ సిందోనే. ఆ తర్వాత హెరోడోటస్ మొదలుపెడితే రెండో పుస్తకంలో ఈజిప్టువాళ్లు శవానికి చుట్టే బట్టల దగ్గర మళ్లీ సిందోన్. పాత చుట్టం కనిపించినట్టయింది. మూడో పుస్తకంలో ఆయన మన దేశం గురించి చెప్తాడు. అక్కడ అడవి చెట్లకి ఉన్ని కాస్తుందట, గొర్రె ఉన్ని కన్నా అందంగా, మేలుగా ఉంటుందట. పత్తి! ఆ వాక్యం నేను పక్క పేజీ చూడకుండా అర్థం చేసుకున్నాను. అర్థమయ్యాక ఒక్కణ్నే గదిలో నవ్వుకున్నాను.

చివరికి పెరిప్లస్ దగ్గరికి వచ్చాను. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఈజిప్టు నుంచి మన సముద్రంలో వ్యాపారం చేసిన ఒక గ్రీకు వర్తకుడు రాసుకున్న చిన్న పుస్తకం. పేరు తెలియదు. 66 చిన్న అధ్యాయాలు. ఇది గొప్ప సాహిత్యమేమీ కాదు. ఏ రేవులో ఏం అమ్మాలి, ఏం కొనాలి, అంతే. తూర్పు తీరం వచ్చేసరికి మసాలియా అనే ప్రాంతం వస్తుంది. మన మచిలీపట్నం వైపు కోస్తా అదేనని సాధారణంగా చెప్తారు. అక్కడ ఏం తయారవుతాయని రాశాడు? సిందోన్లు. బోలెడన్ని.

ఆ మాట ఏ టెక్స్ట్‌బుక్ లిస్టులోనూ నాకు దొరకలేదు. లిస్టులో దొరికినా మర్నాడు మర్చిపోయేవాణ్ని. ఇప్పుడు ఆ మాటలో ఒక భయపడ్డ కుర్రాడు ఉన్నాడు, ఒక సమాధి ఉంది, నైలు నది ఒడ్డున ఒక శవం ఉంది, కృష్ణా జిల్లాలో ఒక మగ్గం ఉంది. నేను చనిపోయేదాకా మర్చిపోను. చదవడం ద్వారా మాట నేర్చుకోవడం అంటే ఇది.

మా రైలు డ్రైవరుగారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన క్లాసు మానేశాక నేను గురువారాలు వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒడిస్సీ 17వ సర్గలో కుక్క కథ దాదాపు 40 పంక్తులు. వారానికి పది పంక్తులు అనుకున్నాం. నేను గ్రీకులో గట్టిగా చదువుతాను. ఆయన కళ్లు మూసుకుని వింటారు. తెలిసిన మాట రాగానే వేలు ఎత్తుతారు. తెలియని మాటకి నేను అర్థం చెప్తాను. మళ్లీ మొదటి నుంచి చదువుతాను. ఇరవై ఏళ్ల తర్వాత యజమాని మారువేషంలో వస్తాడు. ఆర్గోస్ అనే ఆ కుక్క పేడకుప్ప మీద పడి ఉంటుంది, ఒంటినిండా పురుగులు. గుర్తుపడుతుంది. తోక ఆడిస్తుంది, చెవులు వాలుస్తుంది, దగ్గరికి రావడానికి మాత్రం శక్తి లేదు. యజమాని పలకరించలేడు, పలకరిస్తే గుట్టు బయటపడుతుంది. పక్కనున్నవాడికి కనిపించకుండా కన్నీరు తుడుచుకుంటాడు. ఆయన్ని చూశాక కుక్క చనిపోతుంది.

నాలుగో గురువారం మా మిత్రుడు చివరి పంక్తుల్లో దాదాపు ప్రతి మాటకీ వేలు ఎత్తారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు ఒక్క మాట అడిగారు, ఇది మనం మొదటి ఏడాదే చదవగలిగేవాళ్లం కదా అని. నేను అవునన్నాను. ఆయనకి కళ్లున్నప్పుడే చదవగలిగేవాళ్లం.

‘ఇంకా సిద్ధం కాలేదు’ అనే మాట ఖరీదు అది. చెప్పేవాళ్లకి ఏమీ కాదు. వినేవాళ్ల దగ్గర ఎంత టైము ఉందో చెప్పేవాళ్లకి తెలియదు. అరవై దాటిన నా దగ్గర ఎంతుందో నాకూ తెలియదు. పన్నెండేళ్ల పిల్లల దగ్గరా ఎక్కువ లేదు. పద్నాలుగు వచ్చేసరికి వాళ్లు ఆదివారం గుడికి రావడమే మానేస్తారు, ‘అమ్మ, ఆవు’ దాటకుండానే.

ఇక మన ఇంటికి తిరిగి వద్దాం. సి.పి. బ్రౌన్ సంగతి మీకు తెలిసిందే. ఆయన వేమన పద్యాల్ని అనువాదంతో అచ్చు వేసింది 1829లో. తెలుగు వ్యాకరణం రాసింది 1840లో. తెలుగు, ఇంగ్లీషు నిఘంటువు 1852లో. వరుస చూడండి: వేమన, వ్యాకరణం, నిఘంటువు. ఆయనకి ముందే 1816లో క్యాంప్‌బెల్ రాసిన వ్యాకరణం ఉంది, పక్కన పండితులు ఉన్నారు. ఉండనివ్వండి, మనకీ అవి ఉన్నాయి. కానీ ఆయన నిఘంటువు పూర్తయ్యేదాకా ఆగి వేమనని తెరవలేదు.

నా తెలుగు కూడా యాభై దాటాక చదువుతూ నేర్చుకున్నదే. చందమామ కథలతో మొదలుపెట్టాను, పక్కన మా ఆవిడ అర్థాలు చెప్తూ ఉండేది. ఇప్పటికీ నాకు కొన్ని సంధుల పేర్లు తెలియవు. మీరు ఈ వ్యాసం ఇక్కడిదాకా చదివారంటే మీకూ తెలియకపోయినా నష్టం లేదు.

వచ్చే ఆదివారం నేను నాలుగు వేమన పద్యాలు ప్రింటు తీసి తెస్తున్నాను. పెద్ద అక్షరాలు, కింద ప్రతిపదార్థం, పక్కన ఇంగ్లీషు. ఆ పెద్దాయనని కూడా రమ్మన్నాను, పద్యాలు ఆయనే రాగం తీసి చదవాలని అడిగాను, గొంతు బాగుంటుంది. ఒత్తుల గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పాను. అవి ఆ పద్యాల్లోనే ఉన్నాయి.